నందికొండ నుంచి దోమలపెంట దాకా

2025 ఫిబ్రవరి 22, శనివారం పొద్దున. నాగర్‌కర్నూలు జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో, ముఖద్వారం నుంచి దాదాపు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలింది. నీళ్ళూ, బురదా, రాళ్ళూ కలిసి ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. ఆ షిఫ్టులో ఉన్నవాళ్ళలో చాలామంది బయటికి రాగలిగారు. ఎనిమిది మంది రాలేదు.

ఆ ఎనిమిది మంది వివరాలు సాయంత్రానికి వచ్చాయి. ఇద్దరు ఇంజినీర్లు, ఇద్దరు మిషను ఆపరేటర్లు, నలుగురు కూలీలు. ఊళ్ళు చూస్తే ఉత్తరప్రదేశ్, జమ్మూకశ్మీర్, పంజాబ్, జార్ఖండ్. కూలీలు నలుగురూ జార్ఖండ్ వాళ్ళే. ప్రమాదం జరిగింది పాలమూరు నేల కింద. (జిల్లాలు ఎన్ని ముక్కలైనా ఆ ప్రాంతాన్ని ఇంకా అదే పేరుతో పిలుస్తున్నాం.) ఆ జాబితాలో మాత్రం పాలమూరు మనిషి ఒక్కడూ లేడు.

మామూలుగా అయితే దీన్ని ఎవరూ పట్టించుకోరు. సొరంగం పని తెలిసినవాళ్ళు ఎక్కడినుంచో వస్తారు, అది సహజమే. కానీ దేశంలో ఎక్కడ ఆనకట్ట కడుతున్నా అక్కడ మట్టి మోసేవాళ్ళు పాలమూరు వాళ్ళే అయివుంటారని రెండు తరాల పాటు చెప్పుకున్న జిల్లా ఇది. 'పాలమూరు లేబర్' అనేది కాంట్రాక్టర్ల లెక్కల్లో సిమెంటు, ఇసుక, కంకర లాగా ఒక సరుకు పేరయిపోయింది. ఆ లేబర్ పుట్టిన చోటికి, తీరా నీళ్ళు తెచ్చే పని వచ్చేసరికి, పని చేసే చేతులు జార్ఖండ్ నుంచి వచ్చాయి. పని చేయించే కంపెనీ ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చింది. మిషను అమెరికా కంపెనీది. ఈ మార్పు ఎట్లా వచ్చిందన్నది ఒక పెద్ద నిర్మాణ కంపెనీ చరిత్ర. కంపెనీ అనే మాటకు అర్థం మారిపోయిన చరిత్ర కూడా.

మొదలు నందికొండ దగ్గర పెట్టాలి.

1955 డిసెంబరు 10న నెహ్రూ నందికొండ దగ్గర నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాడు. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడలేదు. కృష్ణకు ఈ గట్టున హైదరాబాదు రాష్ట్రపు నల్లగొండ జిల్లా, ఆ గట్టున ఆంధ్ర రాష్ట్రపు గుంటూరు జిల్లా. ఇక్కడ ఆనకట్ట కట్టవచ్చని 1952లో ఖోస్లా కమిటీ చెప్పింది. అది చెప్పేలా చేయడం వెనక ముక్త్యాల రాజా పట్టుదల ఎంత ఉందో చాలామంది రాశారు కాబట్టి ఇక్కడ మళ్ళీ చెప్పను. నాకు ముఖ్యమనిపించేది ఇంకొకటి: ఆ డ్యాం దేనితో కట్టాలన్న నిర్ణయం.

అదే కాలంలో సట్లెజ్ మీద భాక్రా కడుతున్నారు. అది కాంక్రీటు డ్యాం. దాని పని నడిపించడానికి హార్వే స్లోకం అనే అమెరికన్‌ను పిలిపించుకున్నారు. యంత్రాలు తెచ్చారు. నాగార్జునసాగర్ దగ్గరికి వచ్చేసరికి సిమెంటుకు కొరత, ఉక్కుకు కొరత, విదేశీ మారకానికి ఇంకా కొరత. కొరత లేనివి రెండే. ఒకటి రాయి, రెండు మనుషులు. అందుకని రాతికట్టుబడి డ్యాం కట్టారు. నది మధ్యలో సుమారు 1,450 మీటర్ల పొడవు, పునాది నుంచి 124 మీటర్లకు పైగా ఎత్తు, అంతా పేర్చిన రాయి. రెండు పక్కలా మట్టికట్టలు కలుపుకుంటే మొత్తం దాదాపు ఐదు కిలోమీటర్లు. ప్రపంచంలోనే అతిపెద్ద రాతి ఆనకట్ట అని మన పాఠ్యపుస్తకాలు గర్వంగా చెప్తాయి. ఆ గర్వం న్యాయమైనదే. కానీ అది రాతి డ్యాం ఎందుకయిందో పుస్తకాలు చెప్పవు. మనిషి కూలి యంత్రం కన్నా చవక కాబట్టి అయింది.

అప్పటి ఫొటోలు చూసినవాళ్ళకు నేను వర్ణించి చెప్పాల్సిన పని లేదు. కొండంత గోడకు కర్రల పరంజాలు. వాటి మీద చీమల బారులాగా మనుషులు. ఆడవాళ్ళ నెత్తిన తట్టలు. చీఫ్ ఇంజినీరు మీర్ జాఫర్ అలీ. నమూనాల వెనక కేంద్ర జల, విద్యుత్ సంఘంలో ఉన్న కె.ఎల్.రావు. ఈ పేర్లు మనకు తెలుసు. పరంజా మీద ఉన్నవాళ్ళ పేర్లు మనకు తెలియవు.

పాత పి.డబ్ల్యు.డి. పద్ధతిలో పని ఎట్లా నడిచేదో తెలిస్తే తర్వాతి కథ సులువుగా అర్థమవుతుంది. నమూనా శాఖది. పర్యవేక్షణ శాఖది. సిమెంటు కూడా చాలా పనుల్లో శాఖే తన గోదాము నుంచి ఇచ్చేది. పనిని ముక్కలు చేసి, ఘనపు అడుక్కి ఇంత అని రేటు కట్టి కాంట్రాక్టర్లకు ఇచ్చేవాళ్ళు. అయిన పనిని కొలిచి ఎం-బుక్కులో ఎక్కించి, దాన్నిబట్టి బిల్లు చేసేవాళ్ళు. మట్టి పని అయితే తవ్విన గుంత మధ్యలో కొలత కోసం ఒక దిబ్బను తవ్వకుండా వదిలేవాళ్ళు. దాని ఎత్తును బట్టి ఎంత లోతు తవ్వారో లెక్క తేలేది. మరి ఇంజినీరింగు శాఖది, సరుకు శాఖది అయితే కాంట్రాక్టరు తెచ్చేది ఏమిటి? మనుషుల్ని. ఆ రోజుల్లో కాంట్రాక్టరు పెట్టుబడి అంటే మనుషుల్ని పోగుచేసి తెచ్చి, ఎండాకాలం దాటేదాకా చెదరకుండా ఉంచగల సత్తా. అంతే.

ఆ సత్తా నిజానికి కాంట్రాక్టరుది కూడా కాదు, మేస్త్రీది.

మహబూబ్‌నగర్ జిల్లాలో మేస్త్రీ వ్యవస్థ గురించి వచ్చిన పరిశోధనలు తక్కువేమీ కాదు. డేవిడ్ పిషెరి అనే ఫ్రెంచి మానవశాస్త్రవేత్త ఈ మేస్త్రీల మీదనే ఏళ్ళ తరబడి పనిచేశాడు. వ్యవస్థ ఏమిటంటే, పైన కాంట్రాక్టరు, కింద పెద్ద మేస్త్రీ, ఆ కింద ఊరికో, గూడేనికో ఒక గుంపు మేస్త్రీ. గుంపు మేస్త్రీ పరాయివాడు కాడు. ఆ ఊరివాడే, చాలాసార్లు ఆ కులంవాడే, ఒకప్పుడు తానూ తట్ట మోసినవాడే. వానాకాలం పంట పోయిన ఏడాది, లేదా కూతురి పెళ్ళి ముందు, లేదా షావుకారు గుమ్మంలో నిలబడ్డ రోజు, వాడు అడ్వాన్సు తెచ్చి చేతిలో పెడతాడు. తీసుకున్నది మొగుడైనా బాకీ పడేది జంట. తొమ్మిది పది నెలలు వాడు చెప్పిన చోటికి పోవాలి. వారం వారం తిండి ఖర్చుకు కొంత ఇస్తారు. మిగతా లెక్క సీజను ఆఖర్న తేలుతుంది. తేలిన లెక్కలో చాలాసార్లు ఇంకా బాకీ ఉన్నట్టే వస్తుంది. దాంతో వచ్చే ఏడూ పోవాలి.

దీన్ని వెట్టి అనాలా, వలస అనాలా అని పండితులు వాదించుకున్నారు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. ఈ రెండో చట్టం ప్రకారం మేస్త్రీకి లైసెన్సు ఉండాలి, కూలీకి పాసుబుక్కు ఉండాలి, ఊరు విడిచినందుకు నెల కూలిలో సగానికి సమానమైన భత్యం ఇవ్వాలి. చదువుతుంటే ముచ్చటేస్తుంది. ఆ చట్టం అమలయివుంటే పాలమూరు జిల్లాలో కొన్ని వేల పాసుబుక్కులు పెట్టెల అడుగున దొరకాలి. 2020లో ఈ చట్టాన్ని కొత్త లేబర్ కోడ్‌లో కలిపేసినప్పుడు ఊరు విడిచిన భత్యం అనే మాటే లేకుండా పోయింది. ఎవరూ పెద్దగా గొడవ చేయలేదు. ఎప్పుడూ చేతికి రానిదాని కోసం గొడవ ఎవరు చేస్తారు?

ఒక్క మాట మాత్రం చెప్పాలి. మేస్త్రీని ఉత్త దుర్మార్గుడిగా చూపిస్తే కథ సులువవుతుంది గానీ నిజం కాదు. భాష తెలియని రాష్ట్రంలో, జబ్బు చేస్తే, బిడ్డ పుడితే, మనిషి చస్తే చూసేది వాడే. తెల్లారి పని ఉంటుందన్న భరోసా వాడే. అందుకే ఆ వ్యవస్థ అన్నేళ్ళు నిలిచింది. అన్ని పనులకు అన్ని వేలమందిని సరఫరా చేసి, పనిముట్లూ తెచ్చుకుని, నైపుణ్యాన్ని తండ్రి నుంచి కొడుక్కి అందించిన ఈ గొలుసుకు ఆఫీసు లేదు, లెటర్‌హెడ్డు లేదు, రిజిస్ట్రేషన్ నంబరు లేదు. నా లెక్కలో తెలంగాణలో పుట్టిన మొదటి పెద్ద నిర్మాణ కంపెనీ ఇదే.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ సాగర్ కాలువలకు నీళ్ళు వదిలింది. కుడి కాలువ గుంటూరు, ప్రకాశం వైపు పోయింది. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ తడుపుకుంటూ ఖమ్మం, కృష్ణా జిల్లాల వైపు పోయింది. డ్యాం ఉన్నది నల్లగొండ జిల్లాలో. కానీ దేవరకొండ, మునుగోడు, నల్లగొండ వైపు భూములు కాలువ కన్నా ఎత్తున ఉన్నాయి. నీళ్ళు పల్లానికే పోతాయి కదా. పైభూముల వాళ్ళకు మిగిలింది బోరునీళ్ళు. ఆ బోరునీళ్ళలో ఫ్లోరైడు.

దాని గురించి ఎంత రాసినా తక్కువే. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు ఊళ్ళలో వంగిన కాళ్ళు, గారపట్టిన పళ్ళు, నలభై ఏళ్ళకే బిగుసుకుపోయిన నడుములు. పటికా సున్నమూ వేసి నీళ్ళలోంచి ఫ్లోరైడు తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థ కనిపెట్టి 'నల్గొండ టెక్నిక్' అని పేరు పెట్టింది. ఆ పేరుతోనే అది ఆఫ్రికా దాకా పోయింది. ఒక జిల్లా పేరు ప్రపంచ శాస్త్రగ్రంథాల్లోకి తన జబ్బు వల్ల ఎక్కడమంటే ఇదే.

శ్రీశైలం జలాశయం నుంచి ఈ పైభూములకు నీళ్ళివ్వాలన్న ఆలోచన 1980ల మొదట్లోనే కాగితం మీద ఉంది. కాగితం కదలలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ జనం ఒక పని చేశారు. దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి పిలుపు మీద వందల మంది నామినేషన్లు వేశారు. చివరికి బరిలో నిలిచినవాళ్ళు 480 మంది. బ్యాలెట్ పత్రం పుస్తకమయింది. ఎన్నిక వాయిదా వేసి, తర్వాత జరపాల్సి వచ్చింది. గెలిచింది బొమ్మగాని ధర్మభిక్షం. దేశమంతా ఆ 480 గురించి నవ్వుకుంటూ చదివింది. అదే ఏడాది తమిళనాడులో మొదకురిచ్చి అసెంబ్లీ స్థానంలో వెయ్యిమందికి పైగా నిలబడ్డారు. ప్రభుత్వం ఇచ్చిన తక్షణ జవాబు నీళ్ళు కాదు. లోక్‌సభకు డిపాజిట్టు 500 నుంచి 10,000 రూపాయలకు పెంచుతూ చట్టం సవరించారు.

అయినా ఆ తర్వాతే కదలిక వచ్చింది. సొరంగం ఎప్పటికవుతుందో తెలియదు కాబట్టి ముందు సాగర్ వెనక నీళ్ళను పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి అక్కంపల్లి రిజర్వాయరులో నింపే పథకం కట్టారు. నాలుగు పంపులు, ఒక్కొక్కటీ 18 మెగావాట్లు. 2000 మార్చిలో నక్సలైట్ల మందుపాతరకు బలైన మంత్రి ఎలిమినేటి మాధవరెడ్డి పేరును ప్రాజెక్టుకు పెట్టారు. 2004 నుంచి ఆ అక్కంపల్లి నీళ్ళే కోదండాపురం మీదుగా హైదరాబాదు కుళాయిల్లోకి కూడా వస్తున్నాయి. నల్లగొండ అడిగిన నీళ్ళలో రాజధాని కూడా వాటా పంచుకుందన్న మాట.

ఇక సొరంగం. హైదరాబాదు నుంచి శ్రీశైలం బస్సెక్కితే డిండి, మన్ననూరు దాటాక అడవి మొదలవుతుంది. వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట అని పేర్లు వినిపిస్తాయి. మలుపు మలుపుకీ పిల్లలు వాంతులు చేసుకునే ఆ దారి పక్కనే, నల్లమల కడుపులోంచి, దోమలపెంట దగ్గర కృష్ణ నీళ్ళు తీసుకుని మన్నెవారిపల్లి దగ్గర బయటికి తేవాలన్నది ప్లాను. 43.93 కిలోమీటర్లు. అక్కడి నుంచి నక్కలగండి దగ్గర నిలిపి, ఇంకో సొరంగం గుండా నల్లగొండ వైపు. పంపులు అక్కర్లేదు, కరెంటు బిల్లు లేదు. 30 టీఎంసీలు, సుమారు 3 లక్షల ఎకరాలు, ఫ్లోరైడు ఊళ్ళకు తాగునీరు.

ఇంత పొడుగు సొరంగాన్ని మామూలుగా తవ్వేటప్పుడు మధ్యమధ్యలో పైనుంచి బావులు దించి, లేదా పక్కనుంచి దారులు తీసి, నాలుగైదు చోట్ల ఒకేసారి పని మొదలుపెడతారు. గాలికీ, మట్టి తీయడానికీ, ఏదైనా జరిగితే తప్పించుకోడానికీ అవే దార్లు. ఇక్కడ పైన ఉన్నది పులుల అభయారణ్యం. మధ్యలో ఎక్కడా తవ్వే వీల్లేదు. రెండు కొసల నుంచీ మాత్రమే రావాలి. ఈ ఒక్క షరతే తర్వాతి కథనంతా నిర్ణయించింది.

2005లో జలయజ్ఞంలో భాగంగా ఈ పని 1,925 కోట్లకు జేపీ సంస్థకు దక్కింది. ఐదేళ్ళ గడువు.

జేపీ అంటే జయప్రకాశ్ గౌర్. 1950లో రూర్కీలో సివిల్ ఇంజినీరింగ్ డిప్లొమా చేసి, ఉత్తరప్రదేశ్ నీటిపారుదల శాఖలో ఉద్యోగంలో చేరినవాడు. 1958లో ఉద్యోగం మానేసి కాంట్రాక్టరయ్యాడు. అంటే నందికొండ దగ్గర రాయి మీద రాయి లేస్తున్న రోజుల్లోనే, అదే పి.డబ్ల్యు.డి. బడిలో, ఎం-బుక్కు రాసే వైపు నుంచి బిల్లు అందుకునే వైపుకు దాటినవాడు. మన దగ్గరా అట్లా దాటినవాళ్ళు చాలామందే ఉన్నారు. హెచ్.సి.సి., గామన్ లాంటి బొంబాయి కంపెనీలు 1920ల నాటివి. వాటి పుట్టుక రైల్వేలతో, రేవులతో ముడిపడింది. జేపీ తరం వేరు. అది స్వతంత్ర భారతపు డ్యాముల మీద పెరిగిన తరం. సర్దార్ సరోవర్, ఇందిరాసాగర్, తెహ్రీ, నాథ్పా ఝాక్రీ, బాగ్లిహార్, భూటాన్‌లో చుఖా, తాలా. ఈ పట్టిక చూస్తే అర్ధశతాబ్దపు నదుల పటం చూసినట్టుంటుంది. పని తెలియని సంస్థ కాదు. అది గట్టిగా చెప్పాలి.

కానీ డ్యాం కట్టే కంపెనీకి ఒక పుట్టుజబ్బు ఉంది. బిల్లు ప్రభుత్వం దయ. ఈ ఏడు బడ్జెట్టు ఉంటే వస్తుంది, లేకపోతే మూడేళ్ళ తర్వాత వస్తుంది. ఈలోగా యంత్రాలకు వడ్డీ, మనుషులకు జీతాలు ఆగవు. అందుకని నిలకడగా డబ్బొచ్చే వ్యాపారం ఏదో ఒకటి పక్కన పెట్టుకోవాలనిపిస్తుంది. జేపీ సిమెంటులోకి పోయింది, కరెంటులోకి పోయింది, ఇళ్ళ స్థలాల్లోకి పోయింది. 2011లో నోయిడా పక్కన ఫార్ములా వన్ కార్ల పందేల మైదానం తెరిచింది. 2012లో ఆగ్రాకు 165 కిలోమీటర్ల యమునా ఎక్స్‌ప్రెస్ వే పూర్తిచేసింది. అన్నీ అప్పు మీదే. 2017 నాటికి సిమెంటు ఫ్యాక్టరీలు అమ్ముకుంది, దాని ఇళ్ళ కంపెనీ దివాలా కోర్టుకెక్కింది. 2024 జూన్‌లో అలహాబాదు ట్రిబ్యునల్ అసలు కంపెనీ మీదే దివాలా ప్రక్రియ మొదలుపెట్టింది. అప్పులవాళ్ళ క్లెయిములు 57 వేల కోట్లు దాటాయి.

వాళ్ళనొక్కళ్ళనే వేలెత్తి చూపడం అన్యాయం. మన హైదరాబాదు కంపెనీల కథా ఇదే. ఐ.వి.ఆర్.సి.ఎల్. 1987లో పుట్టి నీటి పనుల్లో పేరు తెచ్చుకుని, 2016లో కలకత్తాలో ఫ్లైఓవరు కూలాక రెండేళ్ళకు దివాలా కోర్టుకెళ్ళింది. ల్యాంకో 2018లో లిక్విడేషన్‌కు పోయింది. 1978లో నాగార్జున కన్‌స్ట్రక్షన్‌గా మొదలైన ఎన్.సి.సి. నిలబడింది, 1989లో చిన్నగా మొదలైన మేఘా ఇప్పుడు అన్నిటికన్నా పెద్దదయింది. ఎవరు నిలుస్తారో ఎవరు కూలతారో చెప్పడానికి ఇంజినీరింగు చూస్తే చాలదు. బ్యాంకు లెక్కలు చూడాలి, ఏ ప్రభుత్వంలో ఎవరున్నారో కూడా చూడాలి.

మళ్ళీ సొరంగంలోకి. జేపీ రెండు పెద్ద సొరంగ యంత్రాలు తెప్పించింది. అమెరికాకు చెందిన రాబిన్స్ కంపెనీవి, పది మీటర్ల వ్యాసం. మూడంతస్తుల ఇల్లంత చక్రం తిరుగుతూ రాతిని పిండి చేస్తుంది. పిండయిన రాయి కన్వేయర్ బెల్టు మీద వెనక్కి పోతుంది. వెనకాలే కాంక్రీటు పలకలను గుండ్రంగా బిగించుకుంటూ మిషను ముందుకు జరుగుతుంది. ఒకసారి లోపలికి పోయాక వెనక్కి తిప్పలేం. నల్లమల కింద క్వార్ట్జైటు, గ్రానైటు. క్వార్ట్జైటు కట్టర్లను తినేస్తుంది. అంత గట్టి రాయి మధ్యలో ఎక్కడో ఒకచోట పగుళ్ళ పొర వస్తుంది. అక్కడ నీళ్ళుంటాయి.

2009 అక్టోబరు వరదల్లో దోమలపెంట వైపు సొరంగంలోకి కృష్ణ వచ్చింది. మిషను మునిగింది. తర్వాత బిల్లుల జాప్యం, విడిభాగాల జాప్యం, రాష్ట్ర విభజన, గడువుల పొడిగింపు. మన్నెవారిపల్లి వైపు నుంచి 20 కిలోమీటర్లకు పైగా, దోమలపెంట వైపు నుంచి దాదాపు 14 కిలోమీటర్లు అయ్యాయి. దోమలపెంట వైపు నీటి ఊట ఎక్కువ. అక్కడ పని కొన్నేళ్ళు ఆగిపోయింది. ఆ చోట రాయి బలహీనంగా ఉందని 2020 నాటి ఒక సర్వే చెప్పినట్టు తర్వాత పత్రికల్లో వచ్చింది. 2025 ఫిబ్రవరిలో పని మళ్ళీ మొదలుపెట్టారు. కొద్ది రోజులకే కూలింది. అప్పటికి కంపెనీ దివాలా ప్రక్రియలో ఉంది. అంటే లోపల మిషను తిరుగుతుంటే, బయట కంపెనీ పగ్గాలు కోర్టు నియమించిన అధికారి చేతిలో ఉన్నాయి.

సైన్యం వచ్చింది, నేవీ వచ్చింది, ఎన్.డి.ఆర్.ఎఫ్., సింగరేణి కార్మికులు, కేరళ నుంచి వాసన పట్టే కుక్కలు. మధ్యలో ఇంకో దారి లేకపోవడమంటే ఏమిటో అప్పుడు అందరికీ తెలిసింది. 14 కిలోమీటర్లు లోకో రైలులో పోవాలి, విరిగిన మిషను ముక్కలు కోయాలి, బురద ఎత్తాలి, అంతా అదే గొట్టం గుండా వెనక్కి రావాలి. రెండు నెలల పాటు వెతికితే ఇద్దరి దేహాలు దొరికాయి, ఒక ఆపరేటరుది, ఒక ఇంజినీరుది. మిగతా ఆరుగురి కోసం వెతుకులాటను, అక్కడికి పోవడమే ప్రమాదమని, ఏప్రిల్‌లో ఆపారు. ఆ ఆరుగురిలో జార్ఖండ్ కూలీలు నలుగురూ ఉన్నారు.

వెతకడానికి వచ్చినవాళ్ళలో ఉత్తరాఖండ్ సిల్క్యారా సొరంగంలో పనిచేసిన 'ర్యాట్ మైనర్లు' కూడా ఉన్నారు. 2023 నవంబరులో అక్కడ 41 మంది పదిహేడు రోజులు ఇరుక్కుపోతే, ఆఖరి మీటర్లు చేతులతో తవ్వి బయటికి తెచ్చింది వీళ్ళే. ఆ సిల్క్యారా సొరంగం తవ్వుతున్న కంపెనీ ఏదో గుర్తుందా? నవయుగ. హైదరాబాదు కంపెనీ. అక్కడ ఇరుక్కున్న 41 మందిలో పదిహేను మంది జార్ఖండ్ వాళ్ళే. ఉత్తరాది కంపెనీ పాలమూరు కొండ తవ్వుతుంది, తెలుగు కంపెనీ హిమాలయం తవ్వుతుంది. కూలీలు రెండు చోట్లా జార్ఖండ్ నుంచే వస్తారు. గుంపు మేస్త్రీ మకాం పాలమూరు నుంచి అటు మార్చాడు. అక్కడా వానాకాలం పంట పోతుంది, అక్కడా పెళ్ళిళ్ళుంటాయి.

పాలమూరు వలస ఆగిపోయిందా అంటే, ఆగలేదు. రూపు మారింది. జూరాల వచ్చింది, కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతలు వచ్చాయి, కొన్ని మండలాల్లో ఇప్పుడు నాట్లకు బయటినుంచి కూలీలు వస్తున్నారు. మట్టి పనిని యంత్రాలు మింగేశాయి. వంద జంటలు వారం చేసే పని ఒక ప్రొక్లెయినరు ఒక రోజులో చేస్తుంది. ఒకప్పుడు డ్యాములకు పోయిన ఇళ్ళవాళ్ళు ఇప్పుడు హైదరాబాదులో, పుణెలో, బొంబాయిలో అపార్టుమెంట్లు కడుతున్నారు. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల కోసం నార్లాపూర్ దగ్గర 145 మెగావాట్ల పంపులు బిగించారు. ఒక్కొక్క పంపు, పుట్టంగండి నాలుగు పంపులూ కలిపినదానికి రెట్టింపు. 2023 సెప్టెంబరులో మొదటిది తిప్పారు. ఆ పంపుల మీద మేఘా పేరు ఉంది, బి.హెచ్.ఇ.ఎల్. పేరు ఉంది.

నాగార్జునసాగర్‌ను శంకుస్థాపన నుంచి కాలువకు నీళ్ళు వదిలేదాకా లెక్కేస్తే పన్నెండేళ్ళు కూడా పట్టలేదు. శ్రీశైలం ఎడమగట్టు సొరంగానికి ఇప్పటికి ఇరవై ఏళ్ళు దాటాయి. ఈ పోలిక పూర్తిగా న్యాయం కాదని నాకు తెలుసు. రాయి పేర్చడం వేరు, రాతి కడుపులోకి పోవడం వేరు. మనుషుల్ని కొల్లగా వాడిన కాలాన్ని మెచ్చుకోవడం నా ఉద్దేశమూ కాదు. అయితే ఆనాడు ఇంజినీరు శాఖ మనిషి. తప్పు జరిగితే సంతకం ఎవరిదో తెలిసేది. ఈ.పి.సి. పద్ధతి వచ్చాక నమూనా కంపెనీదే, సర్వే కంపెనీదే, పనీ కంపెనీదే. శాఖ బిల్లు చూసి డబ్బిస్తుంది. జలయజ్ఞం మీద 2012లో కాగ్ ఇచ్చిన నివేదిక ఈ పద్ధతిలో లోపాలను విడమరిచి చూపించింది. ఇప్పుడు కంపెనీయే దివాలా తీస్తే సంతకం ఎవరిదో ఎక్కడ వెతకాలి?

మిగిలింది తొమ్మిదిన్నర కిలోమీటర్లు. దోమలపెంట వైపు మిషను ఇక పనికిరాదు. మిగతా సొరంగాన్ని పాత పద్ధతిలోనే, రాతికి రంధ్రాలు వేసి మందు పెట్టి పేల్చి పూర్తిచేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. కొండలోపల ఏముందో చూడడానికి హెలికాప్టరుకు పరికరం వేలాడదీసి నల్లమల మీద సర్వే చేయించారు. పుట్టంగండి పంపులు తిరుగుతూనే ఉన్నాయి.